మీ పక్క పాత ఎమ్మెల్యే జీవితం రాయాలంటే యాడ మొదలుపెట్టాలి, ఎట్ల రాయాలి

మన సీమలో ముఖ్యమంత్రులు అయినోళ్ళ మీద పుస్తకాలున్నాయి, రాష్ట్రపతి అయినాయన మీద ఉన్నాయి, యూనివర్సిటీల్లో థీసిస్‌లు కూడా ఉన్నాయి. కానీ ఒకసారో రెండుసార్లో ఎమ్మెల్యే అయ్యి, అంతకుముందు సమితి ప్రెసిడెంట్‌గా చేసి, ఆఖర్న ఊర్లో వసారాలో మంచం మీద కూర్చుని పేపర్ చదువుకుంటా కాలం చేసినాయన గురించి మాత్రం ఎవరూ రాయరు. వర్ధంతికి పేపర్లో పావు పేజీ యాడ్, బస్టాండ్ దగ్గర ఒక ఫ్లెక్సీ, దాంట్లో "పేదల పెన్నిధి, బడుగుల ఆశాజ్యోతి", అంతే, అయిపాయ. ఒక తాలూకా రాజకీయం మొత్తం ఏండ్ల తరబడి ఆ ఇంటి చుట్టూ తిరిగింటుంది, దాని గురించి పది పేజీలు కూడా దొరకవు.

కర్నూలు, అనంతపురం, కడప పక్క ఎవరైనా ఈ పని పెట్టుకుంటే పనికొస్తుందని రాస్తాండా. నా పద్ధతి ముందే చెప్పేస్తా. గెలిచిన సంవత్సరాలు ఎవరైనా కనుక్కుంటారు, అవి గవర్నమెంట్ రికార్డుల్లోనే ఉంటాయి. ఓడిపోయి ఇంట్లో కూర్చున్న ఐదేండ్లు ఆ మనిషి ఏం చేసినాడో కనుక్కోండి, మీ పుస్తకం అక్కడుంటుంది. కిందున్నదంతా ఆ ఐదేండ్ల దగ్గరికి పోయేదానికి దారి అనుకోండి.

ఎవర్ని ఎంచుకోవాలి

ఇప్పుడు పోటీ చేస్తాండే వాళ్ళని వద్దు. వాళ్ళ గురించి ఏం రాసినా ప్రచారమన్నా అయితుంది లేకుంటే పగన్నా అయితుంది. పోయి ఒక పదేండ్లయినా అయినాయన్ని తీసుకోండి, కానీ ఆయన్ని చూసినోళ్ళు ఇంకా బతికుండాల. అంటే 1955 నుంచి 1994 మధ్య తిరిగినోళ్ళు సరిగ్గా సరిపోతారు, ఆలస్యం చేస్తే ఆ మొదటి ఎన్నికలకి జెండా మోసిన ముసలాయన మనకి దొరకడు. సొంత బంధువు అయితే ఇంకొకరి చేత చదివించుకోకుండా అచ్చుకి ఇవ్వొద్దు, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్తా.

ముందు ఎముకల గూడు తయారు చేసుకోండి

ఎలక్షన్ కమిషన్ సైట్లో ప్రతి ఎన్నికకీ ఒక స్టాటిస్టికల్ రిపోర్ట్ ఉంటుంది, పీడీఎఫ్, ఫ్రీ. నియోజకవర్గం వారీగా ఎవరు నిలబడినారు, ఏ పార్టీ, ఎన్ని ఓట్లు, అన్నీ ఉంటాయి. ఒక పెద్ద నోట్‌బుక్ తీసుకుని సంవత్సరానికి ఒక పేజీ పెట్టండి, పుట్టినప్పటి నుంచి పోయిన దాకా. తెలిసింది తెలిసినట్టు నింపుకుంటా పోండి, తెలియని పేజీలు ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ పేజీలే తర్వాత మీకు ప్రశ్నలు అయితాయి.

ఈ రిపోర్టులు చదివేటప్పుడు మన ప్రాంతానికి సంబంధించి కొన్ని చిక్కులున్నాయి, తెలియకపోతే మొత్తం తప్పు రాసేస్తాం.

మొదటి ఎన్నికలు 1952 జనవరిలో జరిగినాయని మనం అంటాం, రిపోర్టు మీద మాత్రం 1951 అని ఉంటుంది. పైగా అది మద్రాసు రాష్ట్రం రిపోర్టు, ఎందుకంటే అప్పటికి మనం మద్రాసులోనే ఉన్నాం. కాబట్టి అప్పుడు గెలిచినాయన ముందు మద్రాసు శాసనసభలో కూర్చున్నాడు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక కర్నూలుకి వచ్చినాడు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేండ్లలో ఆఫీసులు గుడారాల్లో పెట్టినారని మన పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తారు, ఆయన అప్పుడు కర్నూల్లో ఎవరింట్లో దిగేవాడో అడిగితే బలే విషయాలు బయటికొస్తాయి.

ఆ తర్వాత 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి ఎన్నికలు జరిగినాయి. దేశమంతా 1957లో ఓటేసింది కదా అని మన ఎమ్మెల్యే కూడా 1957లో గెలిచినాడని రాసేస్తారు చానా మంది, అది తప్పు. 1957లో అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణ పక్కనే జరిగినాయి, మన పక్క 1955లో గెలిచినోళ్ళు 1962 దాకా అట్లే కొనసాగినారు. ఒక్కసారి గెలిచి ఏడేండ్లు! 1957లో మన దగ్గర జరిగింది లోక్‌సభ ఎన్నిక మాత్రమే. ఎవరైనా మీకు "మా నాయన 57లో ఎమ్మెల్యే అయినాడు" అంటే ఎదురు చెప్పకుండా రాసుకోండి, తర్వాత సరిచూసుకోండి.

ఇంకొకటి, ఆ రోజుల్లో కొన్ని నియోజకవర్గాలకి ఇద్దరు మెంబర్లు ఉండేవాళ్ళు, ఒకటి జనరల్ ఒకటి రిజర్వుడు. ఒకే సీటుకి రెండు పేర్లు కనపడితే అచ్చు తప్పు అనుకోవద్దు. 1961లో చట్టం చేసి ఆ పద్ధతి తీసేసినారు.

ఓటు వయసు 1989 దాకా 21. ఎవరైనా 1985లో పద్దెనిమిదేండ్లకి ఓటేసినా అంటే ఆయన ఓటు దొంగ ఓటన్నా అయ్యుండాల, సంవత్సరమన్నా తప్పయ్యుండాల. మన పక్క రెండోది కంటే మొదటిదే ఎక్కువ జరిగింటుంది అనుకోండి, నవ్వుకోవద్దు.

సంవత్సరాలు గుర్తు లేని పెద్దోళ్ళని గుర్తుతో అడగండి, అంటే పార్టీ గుర్తుతో. కాంగ్రెస్‌కి కాడెద్దులు అంటే 1967 ఎన్నికల వరకు. ఆవు-దూడ అంటే 1971 నుంచి. హస్తం అంటే 1978 నుంచి. సైకిల్ అంటే 1983 నుంచి. "ఆయప్ప మొదటిసారి నిలబడినప్పుడు ఏ గుర్తు అవ్వా?" అని అడిగితే సంవత్సరం చెప్పలేని జేజి కూడా టక్కున చెప్తుంది. కరువులు కూడా పనికొస్తాయి, 1952 కరువులో గంజి కేంద్రాలు పెట్టినారు, అవి చూసినోళ్ళకి ఆ ఏడు మర్చిపోవడం అనేది ఉండదు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని జరిగిన జై ఆంధ్ర గొడవ 1972-73, ఎమర్జెన్సీ 1975 నుంచి 77, ఇవన్నీ మేకులు, వీటికి కథలు తగిలించుకుంటా పోవాల.

నియోజకవర్గం పేరు చూసి మోసపోవద్దు

2009 ఎన్నికలకి ముందు హద్దులు మార్చినారు కదా. కర్నూలు పక్క కోయిలకుంట్ల పోయి బనగానపల్లె వచ్చింది, ఆత్మకూరు పోయి శ్రీశైలం వచ్చింది, మంత్రాలయం కొత్తగా పుట్టింది. అనంతపురంలో గుత్తి, గోరంట్ల, నల్లమాడ పోయినాయి, గుంతకల్లు, రాప్తాడు, పుట్టపర్తి వచ్చినాయి. కడపలో లక్కిరెడ్డిపల్లె అనే నియోజకవర్గమే లేకుండా పోయింది. బద్వేలు, నందికొట్కూరు, మడకశిర ఎస్సీ రిజర్వుడు అయినాయి, అక్కడ దశాబ్దాలుగా పాతుకుపోయిన కుటుంబాలకి ఒక్క రోజులో నిలబడేదానికి సీటు లేకుండా పోయింది. కాబట్టి "ఆ సీటు ఎప్పుడూ వాళ్ళదే" లాంటి మాటలు రాసే ముందు ఆ సీటులో అప్పుడు ఏ మండలాలున్నాయో చూడండి. మళ్ళా 2022లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వేరే అయినాయి, అంటే పాత మనిషి కర్నూలు జిల్లా వాడా నంద్యాల జిల్లా వాడా అని వాదన వస్తుంది. ఆయన బతికున్నప్పటి పేరు రాయండి, ఇప్పటి పేరు పక్కన ఒకసారి చెప్పండి, చాలు. ఇంగ్లీషులో వెతికేటప్పుడు కడపకి 2005కి ముందు స్పెల్లింగ్ వేరే ఉండేది, రెండు రకాలుగా కొట్టి చూడండి.

ఎమ్మెల్యే కాకముందు ఏం చేసినాడు

ఇక్కడ చానా మంది రెండు లైన్లలో దాటేస్తారు. అసలు మన పక్క రాజకీయ నాయకుడు తయారయ్యేది అసెంబ్లీలో కాదు, సమితిలో. 1959లో పంచాయతీ సమితులు వచ్చినాయి, బావులకి లోన్లు, విత్తనాలు, టీచర్ల ట్రాన్స్‌ఫర్లు అంతా సమితి ప్రెసిడెంట్ చేతిలో ఉండేది, ఎమ్మెల్యే కంటే ఆయన గడపే ఎక్కువ తొక్కేవాళ్ళు. ఎన్టీ రామారావు వచ్చినాక తాలూకాలు పోయి మండలాలు వచ్చినాయి, సమితులు కూడా పోయినాయి. ఊరి లెక్కలు, పన్నులు చూసే కరణాలు, మునసబుల పద్ధతి 1984లో రద్దయింది. ఒక్క మూడు నాలుగేండ్లలో ఊరి అధికారం అంతా చేతులు మారిపాయ. మీ మనిషి ఆ మార్పుకి ముందు లేచినాడా, తర్వాత లేచినాడా అన్నది ఆయన కులం కంటే ఎక్కువ చెప్తుంది, అది నా అభిప్రాయం.

సర్పంచ్ ఎన్నికలకి పార్టీ గుర్తులు ఉండవు కాబట్టి రికార్డులో పార్టీ దొరకదు, ఊర్లో అడగాల్సిందే. అడిగేటప్పుడు "ఏ పార్టీ?" అనొద్దు, "ఎవరి పక్క?" అనండి. కోఆపరేటివ్ సొసైటీ, మార్కెట్ యార్డ్, భూమి తనఖా బ్యాంకు, దేవస్థానం కమిటీ, ఇవన్నీ కూడా చూడండి. ఆదోని పత్తి యార్డు లాంటి చోట్ల చైర్మన్‌గిరీ చేసినాయనకి రైతుల్లో ఉండే పట్టు ఎమ్మెల్యేకి కూడా ఉండదు.

అసెంబ్లీలో నోరు తెరిచినాడా లేదా

శాసనసభ చర్చల పాత వాల్యూములు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టినారు. వెతకడం విసుగు పని, పేరుతో సెర్చ్ కొడితే సరిగ్గా రాదు, తేదీల వారీగా తిరగేయాల. కానీ ఒక్క ప్రశ్న దొరికినా బంగారం. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్ళు చివరి ఆయకట్టుకి ఎందుకు రాలేదని అడిగినాడా, కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గురించి మాట్లాడినాడా, లేకపోతే ఐదేండ్లు నోరు మెదపకుండా కూర్చున్నాడా. మాట్లాడనంత మాత్రాన పనికిమాలినోడు అని తీర్మానించొద్దు, సెక్రటేరియట్‌లో ఫైలు పట్టుకుని టేబుల్ టేబుల్ తిరిగి పని చేయించుకొచ్చినోళ్ళు సభలో నోరెత్తని సంగతి మనకి తెల్సు. ఎమ్మెల్సీ అయితే కౌన్సిల్ రికార్డులు చూడండి, కాకపోతే 1985లో కౌన్సిల్ రద్దయ్యి 2007లో మళ్ళా వచ్చింది, ఆ మధ్యలో ఎవరైనా ఎమ్మెల్సీ అని చెప్పుకుంటే అది మాజీ ఎమ్మెల్సీనే. ఎంపీ అయితే ఇంకా సులువు, పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో అన్నీ ఉన్నాయి, మెంబర్ల బయోడేటా పుస్తకాలతో సహా. ఆ బయోడేటా ఎంపీ ఇచ్చిన వివరాలే అని మాత్రం గుర్తుపెట్టుకోండి, పుట్టిన తేదీ దగ్గర్నుంచీ.

కోర్టు తీర్పులు కూడా చూడండి, ఇది ఎవరికీ తట్టదు. నీలం సంజీవరెడ్డి గారు 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసింది కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయం కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల వల్లే. ఆ తీర్పు ఇప్పటికీ చదవొచ్చు, అప్పటి జిల్లాలో బస్సులు ఎవరివి, ఏ రూట్లు ఎందుకు తీసుకున్నారు అన్నీ దాంట్లో తెలుస్తాయి. మీ ఎమ్మెల్యే మీద ఎలక్షన్ పిటిషన్ పడుంటే ఇంకా మంచిది, సాక్షులు చెప్పిందంతా తీర్పులో ఉంటుంది.

శిలాఫలకాలు

బైక్ వేసుకుని నియోజకవర్గం అంతా తిరిగి రాళ్ళు ఫోటో తీయండి. స్కూలు, పశువుల ఆసుపత్రి, వాటర్ ట్యాంకు, చెక్‌డ్యామ్, కల్వర్టు. సున్నం కొట్టేసిన రాళ్ళ మీద పొద్దున్నే ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా కనపడతాయి. శంకుస్థాపన రాయి వేరు, ప్రారంభోత్సవం రాయి వేరు, రెండూ చూసి రాసుకోండి. హంద్రీ-నీవా లాంటి సాగునీటి ప్రాజెక్టులకి ఒకరికి మించి శంకుస్థాపన చేసినారు, నీళ్ళు రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. "ఫలానా ప్రాజెక్టు తెచ్చిన నాయకుడు" అని రాయాలంటే కనీసం జీవో ఒకటన్నా, అసెంబ్లీ ప్రశ్న ఒకటన్నా చేతిలో ఉండాల. రాయి మీద పేరుంటే ఆ రోజు ఆయన అక్కడికి వచ్చినాడని అర్థం, అంతకుమించి లేదు.

ఈ మధ్య వాళ్ళ గురించి అయితే

2004 నుంచి మన ఎన్నికల్లో ప్రతి క్యాండిడేట్ ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అఫిడవిట్‌లో ఇవ్వాల, సుప్రీంకోర్టు చెప్పినాక వచ్చింది అది. మైనేతా సైట్లో, ఎలక్షన్ కమిషన్ సైట్లో దొరుకుతాయి. రెండు మూడు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి చూడండి, కానీ మొత్తం విలువ చూసి "ఆస్తి పది రెట్లు పెరిగింది" అని గబుక్కున రాసేయొద్దు, భూమి రేటు పెరిగితే ఉన్న పొలమే కోట్లయితుంది. కొత్త సర్వే నంబర్లు వచ్చినాయా, ఏ సంవత్సరం కొన్నారు, పిత్రార్జితమా సొంతంగా కొన్నదా, ఆ కాలమ్ చూడండి.

ఫారం 20 అని ఇంకొకటుంది, బూత్ వారీ ఓట్ల లెక్క. సొంతూరి బూత్‌లో ఆయనకి ఎన్ని పడినాయో చూస్తే ఒక్కోసారి గుండె గుభేలుమంటుంది. జిల్లా అంతా మొక్కే మనిషికి ఇంటి పక్కోడు ఓటేయలేదని తెలుస్తుంది. బూత్ నంబర్లు ఎన్నికకీ ఎన్నికకీ మారుతుంటాయి, స్కూలు పేరు చూసి కలుపుకోండి. ఆన్‌లైన్‌లో లేని కాగితాలకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాల.

మనుషులతో మాట్లాడేది

ఇదే అసలు పని, నాకు ఇష్టమైన పని కూడా.

ఇంట్లో వాళ్ళ దగ్గరికి ముందు పోవద్దు. పోతే ఏమైతుందంటే పెద్ద కొడుకు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఒక రెండు గంటలు తయారు చేసి పెట్టుకున్న కథ చెప్తాడు, అది వర్ధంతి సభలో చెప్పేదే, ఇక ఆ కథ మీ బుర్రలోంచి పోదు. ముందు జీపు నడిపినాయన దగ్గరికి పోండి. డ్రైవర్‌కి తెలిసినంత ఎవరికీ తెలీదు, ఏ రాత్రి ఎవరింటికి పోయినారు, ఎవరి దగ్గర డబ్బు తెచ్చినారు, ఓడిపోయిన రోజు దారిలో ఏమన్నాడు. తర్వాత ఉత్తరాలు రాసిపెట్టిన గుమాస్తా గాని పీఏ గాని. తర్వాత ఎదుటి పక్క పోలింగ్ ఏజెంట్‌గా కూర్చున్నాయన, ఈయన తప్పనిసరి. శత్రువు చెప్పే మంచి మాట ఒక్కటి దొరికితే అభిమానులు చెప్పే వంద కంటే ఎక్కువ.

ఆ తర్వాత ఆడోళ్ళు. మన సీమలో నాయకుడి ఇల్లంటే పొద్దున ఐదింటి నుంచే జనం, స్టేషన్ పంచాయితీలు, గట్టు తగాదాలు, మొగుడూపెళ్ళాల గొడవలు, ట్రాన్స్‌ఫర్లు. వచ్చినోళ్ళకి సంగటో అన్నమో పెట్టకుండా పంపరు. ఆ వంట ఎవరు చేసినారు? రోజుకి ఎంత బియ్యం పడేది? ఆ గింజలు సొంత పొలంలోవా, అంగట్లో అప్పా? భార్య బంగారం ఏ ఎన్నికకి బ్యాంకులో పెట్టినారు, తిరిగి వచ్చిందా? మొగోళ్ళు "మా నాయన ఇంత పొలం రాజకీయాలకి పోగొట్టినాడు" అని గొప్పగా చెప్తారు, ఏ సర్వే నంబర్ ఎవరికి ఎంతకి అమ్మినారో మాత్రం ఇంట్లో ఆడోళ్ళకే గుర్తుంటుంది. వాళ్ళతో మాట్లాడాలంటే మీ ఇంట్లో నుంచి అమ్మనో అక్కనో తోడు తీసుకుపోండి, వంటింటి గడప దగ్గర కూర్చుని మాట్లాడే మాట వసారాలో రాదు.

దళితవాడకి తప్పకుండా పోండి. ఆయన వీధిలోకి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చునేవాడు, నీళ్ళు ఇస్తే తాగేవాడా, ఓటు వేసేదానికి అందర్నీ పోనిచ్చినారా లేక బూత్ దాకా పోకముందే ఓటు పడిపోయేదా. ఈ ప్రశ్నలు మెల్లగా, రెండోసారి పోయినప్పుడు అడగండి. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి, 1960లో ఆ కుర్చీ ఎక్కిన దామోదరం సంజీవయ్య గారిది కర్నూలు పక్కనుండే పెద్దపాడే, ఆ జిల్లాలోనే ఇట్లాంటి ప్రశ్నలు అడగకుండా ఒక రాజకీయ జీవితం రాసేస్తే ఏం ప్రయోజనం.

ఫోన్‌లో రికార్డ్ చేసే ముందు చెప్పి చేయండి. "రాసుకోవచ్చా తాతా, పేరు వేయచ్చా?" అని రెండూ వేర్వేరుగా అడగండి. రాసుకో అని పేరు వద్దనేవాళ్ళే ఎక్కువ, అట్లాంటప్పుడు పేరు లేకుండానే వేయండి, ఊరి పేరు కూడా మార్చండి అవసరమైతే. ఒకే సంగతి ఇద్దరు వేర్వేరు పక్కల వాళ్ళు చెప్తే నమ్మండి, ఒకే పక్క పదిమంది చెప్పినా అది ఒక్కరు చెప్పినట్టే.

ఇంట్లో వాళ్ళ దగ్గరికి ఆఖర్న పోయినప్పుడు ఫోటోలు, ఉత్తరాలు, డైరీలు అడగండి. ఇంటికి తీసుకుపోతామని అడగొద్దు, అక్కడే ఫోన్‌తో స్కాన్ చేసుకుని అక్కడే ఇచ్చేయండి. కర్నూలు టౌన్‌లో అయితే 2009 అక్టోబర్ వరదల్లో చానా ఇండ్లల్లో కాగితాలు నీళ్ళపాలు అయినాయి, అప్పుడు ఊర్లో ఉండే అన్నదమ్ముల ఇండ్లు, వియ్యంకుల ఇండ్లు వెతకాల. పాత పత్రికల కోసం జిల్లా గ్రంథాలయం, కడపలో ఎర్రముక్కపల్లి దగ్గర సి.పి. బ్రౌన్ కేంద్రం, అనంతపురంలో ఎస్కే యూనివర్సిటీ లైబ్రరీ చూడండి. పేపర్లు ఒకటి చదివి ఆపొద్దు, ఏ పేపర్ ఎవరిదో మన రాష్ట్రంలో చిన్న పిల్లోనికి కూడా తెల్సు.

ఓడిపోయిన ఐదేండ్లు

ఇప్పుడు మీ నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలు చూడండి.

పెద్దోళ్ళ జీవితంలో చూస్తే ఇది బాగా అర్థమైతుంది. సంజీవరెడ్డి గారు 1952లో అనంతపురంలో ఓడిపోయినారు, ఓడించింది ఎవరో కాదు, సొంత బామ్మర్ది తరిమెల నాగిరెడ్డి గారు, కమ్యూనిస్టు. తర్వాత ముఖ్యమంత్రి అయినారు, స్పీకర్ అయినారు, 1969లో రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి చేతిలో ఓడినారు, 1971లో లోక్‌సభకి నిలబడి మళ్ళా ఓడినారు, ఓడి వచ్చి అనంతపురం పక్క సేద్యం చూసుకుంటా ఉండిపోయినారు. 1977లో నంద్యాల నుంచి జనతా తరఫున నిలబడితే రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్ కానిది ఆ ఒక్కటే. ఆ ఏడే రాష్ట్రపతి. పుస్తకాల్లో పదవులన్నీ ఉంటాయి, 1971 నుంచి సేద్యం చేసిన ఆ ఏండ్లు రెండు లైన్లు ఉంటాయి. ఆ ఏండ్లల్లో ఎవరు ఇంటికి వచ్చినారు, ఎవరు రావడం మానేసినారు అన్నది తెలిస్తే ఆయన గురించి మనకి వేరే లెక్క తెలిసేది. ఎద్దుల ఈశ్వరరెడ్డి గారు 1952లోనే కడప నుంచి కమ్యూనిస్టు ఎంపీ, తర్వాత 1962, 67, 71లో గెలిచినారు, 57 లేదు. ఆ 57 నుంచి 62 దాకా జిల్లాలో పార్టీ ఎట్ల నిలబడిందో రాస్తే అది ఒక పుస్తకం.

మీ ఎమ్మెల్యేకి కూడా అదే పద్ధతి. ఓడిన మర్నాడు ఇంటి ముందర ఎంతమంది ఉన్నారు? స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఎస్ఐ ఎత్తినాడా? కేసుల్లో ఇరుక్కున్న తన మనుషులకి లాయర్ ఫీజు ఎవరు కట్టినారు? అప్పులోళ్ళు ఎప్పుడు వచ్చినారు? జనం తగాదాలు తీర్చుకోడానికి ఇంకా ఈయన దగ్గరికే వచ్చినారా, గెలిచినోని ఇంటికి పోయినారా? కొంతమంది ఓడిపోతూనే హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో దిగి మళ్ళా నామినేషన్‌కి వచ్చేవాళ్ళు, కొంతమంది ఓడినాక కూడా పొద్దున్నే తెల్ల పంచె కట్టుకుని వసారాలో కూర్చునేవాళ్ళు, వచ్చేవాళ్ళు లేకపోయినా. ఈ రెండు రకాల మనుషులకి శిలాఫలకాలు ఒకే సంఖ్యలో ఉండొచ్చు.

పార్టీ మారింటే అది కూడా ఈ ఖాళీలోనే జరిగింటుంది. 1983లో గెలిచిన తెలుగుదేశం ఎమ్మెల్యే అయితే 1984 ఆగస్టు 16 నుంచి సెప్టెంబర్ 16 దాకా, ఎన్టీఆర్‌ని దించేసి నాదెండ్ల భాస్కరరావు కూర్చున్న ఆ నెల రోజులు, ఈయన యాడున్నాడు? 1994లో గెలిచినాయన అయితే 1995 ఆగస్టులో ఎన్టీఆర్ పక్కనా, చంద్రబాబు పక్కనా? ఎవరు ఏ పక్క ఉన్నారని తప్పొప్పులు తీర్చొద్దు, ఏ రోజు ఎవరి ఫోన్ వచ్చింది, ఎవరి కారెక్కినాడు, అది రాయండి. దీనికి కూడా డ్రైవరే దిక్కు.

కక్షల గురించి

ఇది తప్పించుకోలేం, మన పక్క నాయకుని జీవితంలో ఎక్కడో ఒక చోట వస్తుంది. సినిమాల్లో మాదిరి సుమోలు గాల్లో లేపి రాయకండి, అట్లని అసలేం జరగనట్టు కూడా రాయకండి. కేసు పెట్టినారు, చార్జ్‌షీట్ వేసినారు, శిక్ష పడింది, హైకోర్టు కొట్టేసింది, ఇవి నాలుగు వేర్వేరు మాటలు, ఏది జరిగిందో అదే వాడండి. చేతిలో తీర్పు కాపీ ఉంటే రాయండి, లేకపోతే ఫలానా ఆయన చంపించినాడని ఊరంతా చెప్పినా రాయొద్దు. బతికున్నోళ్ళ పరువు నష్టం కేసు ఒక పక్క, మళ్ళా పాత పగ లేచి ఎవరికైనా ఏమన్నా అయితే ఇంకొక పక్క. నేనైతే ఇట్లాంటి చోట చనిపోయినోళ్ళ ఇండ్లల్లో తర్వాత ఏమైంది అన్నదాని మీద ఎక్కువ రాయమంటా. పిల్లల చదువు యాడ ఆగిపాయ, పొలం ఎవరు చేసినారు, ఊరు వదిలి యాడికి పోయినారు. దానికి ఎవరి మీదా నేరం మోపాల్సిన పని లేదు, చెప్పేదానికి వాళ్ళూ ముందుకొస్తారు.

రాసేటప్పుడు

పుట్టుక నుంచి మొదలుపెట్టాల్సిన రూల్ ఏం లేదు. ఒక ఓటమితో మొదలుపెట్టి వెనక్కి పోయినా బాగుంటుంది. "గారు" ప్రతి వాక్యంలో వద్దు, మొదట్లో ఒకసారి పెట్టి తర్వాత ఇంటి పేరుతోనో ఊర్లో పిలిచే పేరుతోనో రాయండి, ఊరోళ్ళ మాటలు మాత్రం వాళ్ళ యాసలోనే ఉంచండి, "వచ్చారు" అని దిద్దొద్దు, "వచ్చినాడప్పా" అంటే అట్లే పెట్టండి. ఓట్ల అంకెలు లోపల గుప్పించకుండా వెనక ఒక టేబుల్ వేయండి.

అచ్చుకి ముందు ఇంటివాళ్ళకి చూపించాలా అని అందరూ అడుగుతారు. వాళ్ళు ఇచ్చిన ఫోటోలు, ఉత్తరాలు వాడిన పేజీలు చూపించండి, తేదీలు సరిచేయమనండి. మొత్తం పుస్తకం చేతికిస్తే ఓడిన ఐదేండ్లు అన్నీ ఎగిరిపోతాయి. అచ్చు ఖర్చు వాళ్ళు పెట్టుకుంటామంటే మర్యాదగా వద్దనండి, నలుగురు ఫ్రెండ్స్ చందాలు వేసుకుని ఒక మూడు వందల కాపీలు వేస్తే మన అవసరానికి ఎక్కువే. జిల్లా గ్రంథాలయానికి రెండు, యూనివర్సిటీకి ఒకటి, ఆ నియోజకవర్గంలో ఉండే హైస్కూళ్ళకి తలా ఒకటి ఇచ్చి, పీడీఎఫ్ ఫ్రీగా పెట్టేయండి, రికార్డింగులు రెండు చోట్ల దాచండి.

వెనక పేర్ల పట్టిక, ఊర్ల పట్టిక ఖచ్చితంగా పెట్టండి, విసుగొచ్చినా సరే, ఎందుకంటే మన పక్క పుస్తకం చేతికిస్తే ముందు వెనక పేజీలే తిప్పుతారు, వాళ్ళ ఊరు ఉందా, వాళ్ళ జేజినాయన పేరుందా అని, లేకపోతే రాత్రికే ఫోన్ వస్తుంది, ఆ ఫోన్ చేసినాయన చెప్పేది కూడా రాసుకోండి, రెండో ముద్రణకి పనికొస్తుంది.